కాకినాడ ప్రయోగం: ఏది రుజువైంది, ఏది కాలేదు

భారతీయ విశ్వవిద్యాలయాల్లో వాణిజ్యశాస్త్రం, మేనేజ్‌మెంట్ చదివే విద్యార్థులకు కాకినాడ పేరు తప్పకుండా ఒకచోట తగులుతుంది. ఆంత్రప్రెన్యూర్‌షిప్ పాఠ్యపుస్తకాలు దాదాపు అన్నింటిలోనూ 'కాకినాడ ప్రయోగం' పేరుతో ఒకటి రెండు పేరాలు ఉంటాయి. వాటి సారాంశం ఇది: హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1960ల్లో కాకినాడ వాసులు కొందరికి శిక్షణ ఇచ్చాడు, వారిలో సాధన ప్రేరణ పెరిగింది, దాని ఫలితంగా వారు వ్యాపారాల్లో చురుకయ్యారు, కాబట్టి ప్రేరణను శిక్షణతో పెంచవచ్చు. కంపెనీలు మేనేజర్లకూ ఉద్యోగులకూ పెట్టించే 'మోటివేషన్' తరగతులకు ఆధారం అడిగితే, ఆ దారి వెంట వెనక్కి వెళ్లినప్పుడు తరచు ఈ పేరా దగ్గరికే చేరుకుంటాం.

ఈ నాలుగు వాక్యాలకూ ఉన్న బలం ఒకటి కాదు. మొదటిది చారిత్రక వాస్తవం. చివరిది ఒక అనుమితి. మధ్యలోని రెండూ ఒకదానికొకటి కారణమని చెప్పడానికి దొరికే సాక్ష్యం, పాఠ్యపుస్తకాలు సూచించేంత గట్టిది కాదని ఈ వ్యాసం ప్రతిపాదన. అయితే అదే సాక్ష్యంలో, పాఠ్యపుస్తకాలు సాధారణంగా వదిలేసే మరో సంగతి ఉంది. మేనేజర్, ఉద్యోగి ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి అదే ఎక్కువ ఉపయోగపడేలా కనిపిస్తుంది.

1. కథనాల మధ్య తేడాలు

ప్రయోగానికి మూలాధారం మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ప్రచురించిన 'మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్' అనే గ్రంథం. దానినీ, ప్రచారంలో ఉన్న పాఠ్యపుస్తక కథనాన్నీ పక్కపక్కన పెడితే కనీసం నాలుగు చోట్ల పొంతన కుదరదు.

(అ) కాలవ్యవధి. పాఠ్యపుస్తకాలు తరచు 'మూడు నెలల శిక్షణ' అంటాయి. మూల పరిశోధకులు వర్ణించినది ఒకేచోట బస చేసి సాగించిన సుమారు పది రోజుల తరగతి. ఈ తేడా చిన్నది కాదు. పది రోజుల్లో మనిషి ప్రేరణ మారిందనడం ఒక వాదన, మూడు నెలల్లో మారిందనడం వేరొక వాదన. పొరపాటు ఎక్కడ పుట్టి ఉండవచ్చు? గుజరాత్‌లో 1970 ప్రాంతంలో ప్రభుత్వ పారిశ్రామిక సంస్థలు నడిపిన పారిశ్రామికవేత్తల శిక్షణ కార్యక్రమాలు కాకినాడ అనుభవాన్ని పునాదిగా తీసుకున్నాయి. అవి నెలల తరబడి సాగేవి. తర్వాతి కార్యక్రమం నిడివి ముందరి ప్రయోగం ఖాతాలో పడి ఉండే అవకాశం ఉంది. ఇది ఊహ మాత్రమే, అయినా అసంభావ్యం కాదు.

(ఆ) పాల్గొన్నవారు. కొన్ని కథనాలు వారిని 'యువకులు' అంటాయి. మూలంలో వారు అప్పటికే వ్యాపారాలు చేస్తున్నవారు. ఉద్యోగం కోసం చూస్తున్న యువకుణ్ణి వ్యాపారిగా మార్చడమూ, వ్యాపారిని మరింత చురుకైన వ్యాపారిగా మార్చడమూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు.

(ఇ) సంఖ్య. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన అంకె 52. గ్రంథంలోని ప్రధాన విశ్లేషణ కాకినాడకే పరిమితం కాదు. తమిళనాడులోని వెల్లూరు వ్యాపారులను కూడా కలుపుకొని శిక్షణ పొందిన డెబ్బై మందికి పైగా వ్యక్తులను, శిక్షణ పొందని దాదాపు అంతేమందితో పోల్చారు. వెల్లూరు మన పాఠ్యపుస్తకాల్లో దాదాపుగా కనిపించదు.

(ఈ) స్థలం. పేరు కాకినాడదే గాని తరగతులు జరిగింది హైదరాబాద్‌లో. అప్పటి చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ, జనం నోట 'సియెట్', ఇందుకు వేదిక. యూసఫ్‌గూడలోని ఆ సంస్థే నేటి ని-ఎంఎస్‌ఎంఈ. వ్యాపారులు ఊరూ దుకాణమూ వదిలి హైదరాబాద్ వచ్చి ఉన్నారన్న ఈ వివరం మామూలుగా కనిపించినా, ఫలితాలను తూచేటప్పుడు మళ్లీ అవసరపడుతుంది.

కాకినాడనే ఎందుకు ఎంచారన్న ప్రశ్న కూడా ఉంది. ఓడరేవు, వెనక గోదావరి డెల్టా, ఇంజనీరింగ్ కళాశాల, 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాల, ఇవన్నీ అప్పటికే ఉన్న పట్టణమది. అంటే వనరులు లేక ఆగిపోయిన ఊరు కాదు. వనరులుండీ పరిశ్రమ పెద్దగా పుంజుకోని ఊరు. ప్రేరణ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి అలాంటి చోటు అనువైనదే. పింఛనుదారుల స్వర్గమని పేరున్న ఊరిని వ్యాపార చొరవ పరీక్షకు ఎంచుకోవడంలో కొంత వినోదం లేకపోలేదు. కానీ అలాంటి ఊళ్లో వచ్చిన ఫలితం వనరులే లేని ఊరికి వర్తిస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు.

2. సిద్ధాంతం ఎక్కడి నుంచి వచ్చింది

హెన్రీ ముర్రే 1938లో ప్రచురించిన 'ఎక్స్‌ప్లొరేషన్స్ ఇన్ పర్సనాలిటీ'లో మనిషి అవసరాల జాబితా ఒకటి ఇచ్చాడు. అందులో సాధన ఒకటి. మెక్లెలాండ్, ఆయన సహచరులు 1953లో 'ది అచీవ్‌మెంట్ మోటివ్' గ్రంథంలో దానికి కొలత విధానం ఏర్పరచారు. అస్పష్టమైన బొమ్మ చూపి కథ రాయమంటారు. కథలో పాత్రలు పనిని మెరుగ్గా చేయడం గురించి, లక్ష్యాల గురించి, అడ్డంకుల గురించి ఎంతగా ఆలోచిస్తాయో లెక్కించి మార్కులు వేస్తారు. ఆ మార్కులు ఎక్కువ వచ్చినవారు మరీ తేలికైనవీ మరీ కష్టమైనవీ కాని లక్ష్యాలు ఎంచుకుంటారని, ఫలితం తమ బాధ్యత మీద ఉండాలని కోరుకుంటారని, పని ఎలా ఉందో వెంటనే తెలియాలని చూస్తారని ఆ పరిశోధనలు సూచించాయి.

1961 నాటి 'ది అచీవింగ్ సొసైటీ'లో ఆయన దీన్ని దేశాల స్థాయికి పెంచాడు. వివిధ దేశాల పిల్లల వాచకాల్లోని కథలకు ఇదే పద్ధతిలో మార్కులు వేసి, ఆ దేశాల ఆర్థిక వృద్ధితో పోల్చాడు. ఆ పోలిక మీద తర్వాత చాలా విమర్శ వచ్చింది. ప్రస్తుత విషయానికి కావలసినది వేరు. ప్రేరణలు బాల్యంలో, తల్లిదండ్రుల పెంపకంలో స్థిరపడతాయన్నది ఆనాటి మనస్తత్వశాస్త్రంలో బలమైన అభిప్రాయం. మెక్లెలాండ్ బృందంలోని తొలి పరిశోధనలు కూడా అటే మొగ్గాయి. పెద్దవాళ్లలో, అదీ కొద్ది రోజుల్లో, ప్రేరణను పెంచవచ్చా అని అడగడమంటే తమ తొలి పరిశోధనల ధోరణినే పరీక్షకు పెట్టడం. ఆ ధైర్యాన్ని గుర్తించాలి. కాకినాడకు ముందు అమెరికా, మెక్సికో, బొంబాయిలలో కంపెనీ అధికారుల చిన్న బృందాలతో ఇలాంటి తరగతులు జరిగాయి. కాకినాడ కొత్తదనం ఏమిటంటే, ఒక పట్టణపు వ్యాపార వర్గం నుంచి చెప్పుకోదగ్గ సంఖ్యలో మనుషులను తీసుకోవడం.

3. తరగతిలో జరిగినది

శిక్షణలో స్థూలంగా నాలుగు అంశాలుండేవి: బొమ్మలకు కథలు రాసి, మార్కులు వేసే పద్ధతి నేర్చుకుని, ఆ ఆలోచనా ధోరణిని అలవరచుకోవడం, తన జీవితం, విలువలు, తన సంస్కృతి ఈ ధోరణితో ఎంతవరకు పొసగుతాయో పరిశీలించుకోవడం, రాబోయే రెండేళ్లకు నిర్దిష్టమైన వ్యాపార లక్ష్యాలు కాగితం మీద పెట్టడం, తోటివారి ఆసరా, ఆ తర్వాత అప్పుడప్పుడూ ప్రగతి నివేదించడం. వలయాలు విసిరే ఆట వంటివి నడుమ ఉండేవి. మేకుకు ఎంత దూరంలో నిలబడాలో ఆడేవాడే నిర్ణయించుకోవాలి. ఎవరు ఎంత రిస్కు తీసుకుంటారో దాంతో బయటపడేది.

ఈ వివరణ చదివిన వెంటనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఫలితం వచ్చిందనే అనుకున్నా, ఆ నాలుగింటిలో దేని వల్ల వచ్చింది? మొదటిది ఒక్కటే నేరుగా ప్రేరణకు సంబంధించినది. మూడోది లక్ష్య నిర్ణయం. దానికి సొంతంగానే ప్రభావం ఉంటుందని తర్వాతి దశాబ్దాల్లో ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ వంటివారి పరిశోధనలు విస్తారంగా చూపాయి. నాలుగోది సామాజికమైన ఒత్తిడి, ఆసరా. ఈ మూడింటినీ విడదీసి పరీక్షించే ఏర్పాటు కాకినాడలో లేదు.

4. ఫలితాలు, వాటి బరువు

శిక్షణకు ముందరి రెండేళ్లలో ఉభయ బృందాల్లోనూ అసాధారణమైన వ్యాపార చొరవ చూపినవారు సుమారు ఐదింట ఒక వంతు. కొత్త వ్యాపారం పెట్టడం, ఉన్నదాన్ని గణనీయంగా విస్తరించడం వంటివి ఈ లెక్కలోకి వస్తాయి. శిక్షణ తర్వాతి రెండేళ్లలో, అంటే 1964 నుంచి 1966 వరకు, శిక్షణ పొందినవారిలో ఆ వాటా సుమారు సగానికి చేరింది. శిక్షణ పొందనివారిలో పాతిక శాతం దగ్గరే ఉండిపోయింది.

ఈ తేడా కొట్టిపారేయదగింది కాదు. దేశం 1965లో యుద్ధాన్ని, 1965–66లో కరవును, 1966 జూన్‌లో డాలరుకు 4.76 నుంచి 7.50కి పడిన రూపాయిని చూసిన కాలమది. కొత్త పెట్టుబడికి అనుకూలమైన రోజులని ఎవరూ అనరు. అయినా ఒక బృందం కదిలింది, రెండోది కదల్లేదు. ఉభయులూ అదే దేశంలో, అవే లైసెన్సుల కింద వ్యాపారం చేస్తున్నవారే కాబట్టి, ఈ కష్టాలే తేడాకు కారణమని చెప్పడానికి వీల్లేదు.

అయితే ఆ శాతాలను మనుషుల్లోకి మార్చి చూడాలి. తేడా మొత్తం సుమారు ఇరవై మంది. ఇరవై మంది వ్యాపారుల ప్రవర్తన మీద ఒక సిద్ధాంతపు బరువంతా మోపేటప్పుడు మూడు సందేహాలను దాటవేయలేం.

మొదటిది ఎంపిక. వ్యాపారం వదిలి పది రోజులు హైదరాబాద్‌లో ఉండటానికి ఒప్పుకున్నవాడు, ఒప్పుకోనివాడితో సమానుడేనా? పరిశోధకులు ఈ చిక్కును గుర్తించి పోలిక బృందాలను జాగ్రత్తగానే కూర్చారు. శిక్షణకు ముందు ఉభయుల చొరవ ఇంచుమించు సమానంగా ఉండటం వారికి అనుకూలమైన సాక్ష్యం. కానీ గతంలో చొరవ సమానమైనంత మాత్రాన రాబోయే రోజుల మీద ఆశ కూడా సమానమని కాదు. ఏదో కొత్తది మొదలుపెట్టాలని అప్పటికే మనసులో ఉన్నవాడే ఇలాంటి తరగతికి బయలుదేరే అవకాశం ఎక్కువ.

రెండోది శ్రద్ధ ప్రభావం. హార్వర్డ్ ఆచార్యులు, కేంద్ర ప్రభుత్వ సంస్థ, ప్రత్యేక ఆహ్వానం, ఆపైన రెండేళ్లపాటు వచ్చి 'ఏం చేశారు?' అని అడిగేవాళ్లు. పాఠం ఏదైనా సరే, ఇంత పట్టింపు చూపితే మనిషి కదలవచ్చు. షికాగో దగ్గరి హాథోర్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు సాగిన అధ్యయనాల నుంచీ ఈ అనుమానం పరిశోధకులను వెంటాడుతూనే ఉంది. హాథోర్న్ ఫలితాల మీదే తర్వాత వివాదాలు చెలరేగినా, సందేహం న్యాయమైనది.

మూడోది కొలత. శిక్షణ తర్వాత వ్యాపారుల కథల్లో సాధన ప్రేరణ మార్కులు పెరిగాయి. పెరగకుంటేనే ఆశ్చర్యపోవాలి. మార్కులు ఎలా వేస్తారో నేర్పడమే తరగతిలో మొదటి పాఠం కదా. ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చి, తర్వాత మార్కులు చూసి విద్యార్థి తెలివి పెరిగిందన్నట్టే ఇది. అసలైన పరీక్ష మరొకటి: మార్కులు ఎక్కువ పెరిగినవారే వ్యాపారంలోనూ ఎక్కువ చురుకయ్యారా? ఆ సంబంధం స్పష్టంగా నిలబడలేదు. మొత్తం వాదనలో అతి బలహీనమైన లంకె ఇదేనని భావించవలసి వస్తుంది. శిక్షణ ప్రవర్తనను మార్చిందనడానికి ఓ మోస్తరు సాక్ష్యం ఉంది. ప్రేరణను మార్చడం ద్వారానే మార్చిందనడానికి లేదు. దీనికి తోడు డోరిస్ ఎంట్‌విజిల్ 1972లో ప్రచురించిన సమీక్ష, కథల ద్వారా ప్రేరణను కొలిచే పద్ధతి విశ్వసనీయతనే ప్రశ్నించింది. మెక్లెలాండ్ వర్గం దానికి జవాబులు చెప్పింది. వివాదం పూర్తిగా తేలలేదు.

5. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి

పాఠ్యపుస్తకాలు వదిలేసే సంగతి ఇక్కడుంది. శిక్షణ పొందినవారందరూ ఒకేలా మారలేదు. ఎవరు మారారు, ఎవరు మారలేదు అని పరిశోధకులు వెతికారు. సంప్రదాయ విశ్వాసాలు అడ్డమేమోనన్నది ఒక అనుమానం. కర్మ, కులం, ఉమ్మడి కుటుంబం భారతీయుణ్ణి వెనక్కి లాగుతాయన్న మాట ఆనాటి పాశ్చాత్య రచనల్లో విరివిగా వినిపించేది. సాక్ష్యం దానికి మద్దతు ఇవ్వలేదు. సంప్రదాయ వైఖరులు బలంగా ఉన్నవారు వెనకబడ్డట్టు కనిపించలేదు. ఈ ముక్కను పాఠ్యపుస్తకాలు చెబుతాయి, సరిగానే చెబుతాయి.

తేడా చూపిన అంశం మరొకటి: తన వ్యాపారంలో నిర్ణయం తీసుకునే అధికారం ఆ వ్యక్తికి ఉందా లేదా అన్నది. పగ్గాలు తన చేతిలో ఉన్నవారిలో శిక్షణ తర్వాత చొరవ బాగా పెరిగింది. తండ్రి కింద, అన్న కింద, భాగస్వామి కింద పనిచేస్తూ తుది మాట తనది కానివారిలో శిక్షణ ప్రభావం దాదాపుగా కనిపించలేదు. అదే తరగతి, అవే పది రోజులు, అవే ఆటలు. ఇంటికి తిరిగొచ్చాక గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గరుందన్నదే ఫలితాన్ని విడదీసినట్టు కనిపిస్తోంది.

ఈ విభజన ముందుగా అనుకుని చేసింది కాకుండా ఫలితాలు వచ్చాక వెతికి పట్టుకున్నదైతే, దానికి ఇచ్చే విలువ కొంత తగ్గించుకోవాలి. ఉపవర్గాల్లోని సంఖ్యలు కూడా చిన్నవే. అయినప్పటికీ ఇది మరో వైపు నుంచి బలపడుతుంది. ఉదయ్ పరీక్ 1968లో భారతీయ అనుభవం ఆధారంగా ఒక సూత్రం ప్రతిపాదించాడు. అభివృద్ధికి సాధన ప్రేరణతోపాటు ఇతరుల మేలు కోరే విస్తరణ ప్రేరణ తోడవ్వాలని, ఆ రెంటి ఫలితాన్నీ పరాధీనతా ప్రేరణ తగ్గిస్తుందని ఆయన వాదన. పరాధీనత మనిషి స్వభావమా, అతను ఉన్న స్థానం నేర్పిన అలవాటా అన్నది తెరిచి ఉంచవలసిన ప్రశ్న. కాకినాడ విభజన రెండో వైపు మొగ్గుతున్నట్టు తోస్తుంది.

ఉద్యోగుల విషయంలో దీని అర్థం గంభీరమైనది. ఉద్యోగి అంటేనే తుది నిర్ణయం చేతిలో లేనివాడు. 'మా సిబ్బందికి చొరవ లేదు, వైఖరి మారాలి' అని శిక్షణకు పంపే మేనేజర్, ఐదు వందల రూపాయల ఖర్చుకు కూడా తన సంతకం కావాలని పట్టుబడితే, కాకినాడలో తండ్రి చాటు కొడుకుల స్థితిలోకే సిబ్బందిని నెడుతున్నాడు. డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో ఇదే చక్రాన్ని వర్ణించాడు. మనుషులు బాధ్యత తప్పించుకుంటారని నమ్మే మేనేజర్ బిగించిన నియంత్రణే, బాధ్యత తప్పించుకునే మనుషులను తయారు చేస్తుందని ఆయన అభిప్రాయం. అది ఎక్కువగా పరిశీలన మీద ఆధారపడిన వాదన. ప్రయోగంతో రుజువైనది కాదు.

6. మేనేజర్ ప్రేరణ వేరు

సాధన ప్రేరణ ఎక్కువున్నవాడే మంచి మేనేజర్ అవుతాడని కాకినాడ నుంచి తేల్చుకోవడం మరో పొరపాటు. దీన్ని సరిదిద్దినవాడు మెక్లెలాండే. డేవిడ్ బర్నమ్‌తో కలిసి 1976లో రాసిన వ్యాసంలో, పెద్ద సంస్థల్లో సమర్థులైన మేనేజర్లలో అధికార ప్రేరణ ఎక్కువగా, నలుగురి మెప్పు కోరే అనుబంధ ప్రేరణ తక్కువగా, ఆత్మనిగ్రహం గట్టిగా ఉంటాయని వాదించాడు. సాధన ప్రేరణ బలంగా ఉన్నవాడు పని తానే చేయాలని చూస్తాడు. మేనేజర్ పని ఇతరులచేత చేయించడం.

ఇందుకు చెప్పుకోదగ్గ ఆధారం 1982లో రిచర్డ్ బోయాట్జిస్‌తో కలిసి ప్రచురించిన అధ్యయనం. అమెరికన్ టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీలో చేరినప్పుడు మేనేజర్లు రాసిన కథలను, 16 ఏళ్ల తర్వాత వారు చేరిన హోదాలతో పోల్చారు. సాంకేతికేతర విభాగాల్లో అధికార ప్రేరణతో కూడిన ఆ నమూనా ఉన్నవారు పై స్థాయులకు ఎక్కువగా చేరారు. సాంకేతిక విభాగాల్లో ఈ సంబంధం కనిపించలేదు. సాధన ప్రేరణ కింది స్థాయుల పదోన్నతులకు తోడ్పడినట్టుంది గాని పై స్థాయులకు కాదు. ఇక్కడ కొలత ముందు, ఫలితం తర్వాత. కథ రాసిన నాటికి పదోన్నతి ఎవరికీ తెలియదు. ఆ మేరకు కాకినాడ కంటే ఇది శుభ్రమైన సాక్ష్యం. అయితే పదోన్నతి, సామర్థ్యం ఒకటి కాదన్నది ఏ ఆఫీసులో పనిచేసినవారికైనా తెలుసు.

మెక్లెలాండ్, కోస్ట్‌నర్, వైన్‌బర్గర్ 1989లో వెలువరించిన సమీక్ష మరో ముడి విప్పడానికి ప్రయత్నించింది. కథల్లో బయటపడే ప్రేరణకూ, ప్రశ్నావళిలో మనిషి తన గురించి తాను చెప్పుకునే ప్రేరణకూ పొంతన చాలా తక్కువ. మొదటిది దీర్ఘకాలపు ప్రవర్తనను, రెండోది అప్పటికప్పుడు ఎంచుకునే ఎంపికలను బాగా సూచిస్తుందని వారి వాదన. ఇది నిజమైతే, కంపెనీలు ఏటా నింపించే వైఖరి సర్వేలు ఉద్యోగి రాబోయే నడవడికంటే, ఆనాడు అతను ఏం చెప్పదలచుకున్నాడో ఎక్కువగా పట్టి ఇస్తాయి.

7. తోగో

కాకినాడలో మిగిలిపోయిన ఎంపిక సందేహానికి దీటైన జవాబు దాదాపు అర్ధశతాబ్దం తర్వాత పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చింది. తోగో రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారులను లాటరీ పద్ధతిలో మూడు బృందాలు చేశారు. ఒక బృందానికి లెక్కలు, మార్కెటింగ్ వంటి మామూలు వ్యాపార శిక్షణ. రెండో దానికి స్వయం చొరవ, ముందుచూపు, పట్టుదల నేర్పే శిక్షణ. మూడో దానికి ఏమీ లేదు. 2017లో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం చొరవ శిక్షణ పొందినవారి లాభాలు సుమారు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ పొందినవారిలో కనిపించిన 11 శాతం పెరుగుదల గణాంక పరీక్షకు నిలవలేదు.

లాటరీ వల్ల ఎంపిక సందేహం తొలగింది. రెండు రకాల శిక్షణలను పోల్చడం వల్ల శ్రద్ధ ప్రభావం అన్న సందేహమూ చాలావరకు సడలింది, ఎందుకంటే శ్రద్ధ ఇద్దరికీ దక్కింది. బొమ్మలు చూసి కథలు రాయించే జోలికి వారు పోలేదు. పాఠం నేరుగా ప్రవర్తనను ఉద్దేశించినది. ప్రేరణ మారకుండానే ప్రవర్తన మారవచ్చన్న అభిప్రాయానికి ఇది కొంత ఊతం.

ఒక పరిమితి మాత్రం కాకినాడలో ఎలా ఉందో లోమేలోనూ అలాగే ఉంది. ఆ 1,500 మందీ తమ వ్యాపారం తామే నడుపుకుంటున్న యజమానులు. వారి దగ్గర జీతానికి పనిచేసేవారు ఆ లాటరీలో లేరు. కాబట్టి ఈ 30 శాతం లెక్కను జీతగాళ్లకు ఇప్పించే శిక్షణకు ఆధారంగా చూపడం తొందరపాటే అవుతుంది.